డిస్‌ప్లేలో 6.6 ఉంది, చేపలు మాత్రం నోళ్ళు తెరుస్తున్నాయి

ప్రశ్న: మాది విశాఖ, ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంటు. హాల్లో మూడడుగుల మొక్కల తొట్టి ఉంది, సుమారు 150 లీటర్లు. నాలుగు ఏంజెల్ చేపలు, ఇరవై దాకా కార్డినల్ టెట్రాలు. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ సిలిండరు వాడుతున్నాను. మొన్న నవంబరులో దానికి పీహెచ్ కంట్రోలరు కూడా కొని తగిలించాను. అది నీళ్ళ పులుపును పీహెచ్ అంకెలో కొలిచి (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), పెట్టిన హద్దుకు దిగగానే గ్యాసు ఆపే యంత్రం. 6.6 దగ్గర పెట్టమన్నారు, అలాగే పెట్టాను. చలికాలమంతా బ్రహ్మాండంగా నడిచింది. ఏప్రిల్ రెండో వారం నుంచి మధ్యాహ్నం మూడు దాటేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. రెండు టెట్రాలు పోయాయి కూడా. డిస్‌ప్లే చూస్తే 6.6, కదలదు. ప్రోబు (నీళ్ళలో ముంచి ఉంచే, పీహెచ్ కొలిచే కడ్డీ) పోయిందని ఒకరన్నారు, ఎండలకి ఆక్సిజన్ తగ్గిందని ఇంకొకరు. దీనికి తోడు సిలిండరు కిందటిసారి నాలుగు నెలలు పైన వచ్చింది, ఈసారి రెండు నెలలకే అయిపోయింది, ఎక్కడో లీకున్నట్టుంది. నెలకిందట పిల్లలు రుషికొండలో ఏరుకొచ్చిన గవ్వలు తొట్టిలో పరిచాం, అంతకుమించి కొత్తగా ఏమీ చేయలేదు. ‘ఆ యంత్రం రాకముందే చేపలు సుఖంగా ఉన్నాయి’ అని మా ఆవిడ అంటోంది. కంట్రోలరు తీసేయాలా? కొత్త ప్రోబు కొనాలా?

జవాబు: చదవడం తర్వాత. ముందు లేచి వెళ్ళి సిలిండరు తల మీది వాల్వు కట్టేయండి. ఎయిర్ పంపు ఉంటే ఎయిర్ స్టోన్ వేసి ఆన్ చేయండి. లేకపోతే ఫిల్టరు నుంచి నీళ్ళు వచ్చే గొట్టాన్ని పైకెత్తి, నీటి మట్టం మీద గలగలా పడేలా పెట్టండి. గంటా రెండు గంటల్లో చేపలు కిందికి దిగిపోతే సగం జవాబు మీకు దొరికేసినట్టే. పీహెచ్ 7.5 దాటి ఎగబాకుతోందని కంగారు పడకండి. గ్యాసు బయటికి పోవడం వల్ల పెరిగే పీహెచ్ చేపల్ని సాధారణంగా ఇబ్బంది పెట్టదు. ఈ తొందరలో ఎవరో చెప్పారని వంటసోడా మాత్రం వేయకండి. పీహెచ్ దించే ‘పీహెచ్ డౌన్’ సీసా జోలికీ వెళ్ళకండి. వంటసోడా ఎందుకు వద్దో కింద తెలుస్తుంది.

ఇప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.

మీ ఉత్తరంలో అసలు ఆధారం మీరు ‘దీనికి తోడు’ అంటూ విసుగ్గా రాసిన సిలిండరు ముక్కలోనే ఉంది. నాలుగు నెలలు రావలసినది రెండు నెలలకే ఎందుకు అయిపోయింది? లీకు కావచ్చు. గిన్నెలు తోమే సబ్బు నురగ రెగ్యులేటరు కీళ్ళకు పూసి, బుడగలు వస్తున్నాయేమో చూడండి, అయిదు నిమిషాల పని. కానీ లీకైన గ్యాసు హాల్లోకి పోతుంది, చేపలకేమీ కాదు. ఇక్కడ చేపలు నోళ్ళు తెరుస్తున్నాయి. అంటే ఆ గ్యాసు ఎక్కడికీ పోలేదు, తొట్టిలోకే వెళ్ళింది. నవంబరులో పట్టినదానికి రెట్టింపు గ్యాసు పోస్తే తప్ప మీ నీళ్ళు ఇప్పుడు 6.6కి దిగడం లేదు. కంట్రోలరు మీరు చెప్పిన మాట తు.చ. తప్పకుండా చేస్తోంది. మీరు చెప్పిన మాటే పాతబడిపోయింది.

దీన్ని పులుసుతో చెబుతాను. ఒకే గిన్నెడు పులుసు రెండు పొయ్యిల మీద పెట్టండి. ఒకదాంట్లో చిన్న బెల్లం ముక్క, రెండోదాంట్లో రెండు పిడికిళ్ళ బెల్లం వేయండి. రెండూ నాలుకకు ఒకే పులుపు తగలాలంటే రెండోదాంట్లో చింతపండు ఎక్కువ పిసకాలి కదా. నాలుకకు తెలిసేది మాత్రం చివరి రుచి ఒక్కటే. ఎంత చింతపండు పడిందో దానికి తెలియదు. మీ ప్రోబు ఆ నాలుక. చింతపండు కార్బన్ డయాక్సైడ్. బెల్లం కేహెచ్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న బైకార్బొనేటు. 6.6 అన్నది రుచి. ఆ రుచి రావడానికి ఎంత గ్యాసు కలిపారన్నది బెల్లాన్ని బట్టి ఉంటుంది. చేపకు రుచితో పని లేదు, చింతపండే దాని ఊపిరాడనివ్వదు.

ఆమాటకొస్తే పీహెచ్ మీటరు పుట్టిందే పులుపు కోసం. 1934లో అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని తయారుచేసింది నిమ్మరసం పులుపు తేల్చుకోలేక అవస్థపడుతున్న పండ్ల వ్యాపారుల పని మీదే. చేపల గురించి ఆ పరికరానికి ఈనాటికీ ఏమీ తెలియదు.

లెక్క కూడా చూపిస్తాను. మొక్కల తొట్ల వాళ్ళు వాడే సూత్రం ఇది: లీటరు నీటిలో కార్బన్ డయాక్సైడ్ మిల్లీగ్రాములు = 3 × కేహెచ్ × 10 ఘాతం (7 – పీహెచ్). కేహెచ్ డిగ్రీలలో ఉండాలి. ఘాతాలు చూస్తే ఇంటర్మీడియట్ గుర్తొచ్చి గుండె దడ పుడితే లెక్క నేనే వేసి ఇస్తాను. కేహెచ్ 4 ఉన్న నీళ్ళలో పీహెచ్ 6.6 అంటే గ్యాసు 30 మిల్లీగ్రాములు. మొక్కలకు పండగ, చేపలకు ఫరవాలేదు. కొట్లో మీకు 6.6 అని చెప్పింది బహుశా ఈ లెక్క మీదే, తప్పు చెప్పలేదు. అదే 6.6 కేహెచ్ 9 ఉన్న నీళ్ళలో అయితే 68 మిల్లీగ్రాములు. డిస్‌ప్లేలో అంకె మారలేదు, లోపల గ్యాసు రెట్టింపు దాటింది. కేహెచ్ 9 నీళ్ళకు 30 మిల్లీగ్రాములు కావాలంటే కంట్రోలరును 6.95 దగ్గర పెట్టాలి.

మధ్యాహ్నం మూడింటికే ఎందుకంటారా? కేహెచ్ 4 నీళ్ళు మామూలుగా 7.6 దగ్గర ఉంటాయి. అక్కడి నుంచి 6.6కి దిగడానికి రెండు గంటలు చాలు. కేహెచ్ 9 నీళ్ళు 7.9, 8 దగ్గర మొదలవుతాయి, పైగా మొండిగా దిగుతాయి. పొద్దున తొమ్మిదికి సోలినాయిడ్ (కంట్రోలరు చెప్పినట్టు గ్యాసు తెరిచి మూసే కరెంటు వాల్వు) టిక్కుమని తెరుచుకుంటే మూడింటిదాకా మూసుకోదు. చేపలు పైకొచ్చే వేళ, డిస్‌ప్లే 6.6 చూపించే వేళ ఒకటే అయి ఉంటుంది, గమనించండి. మీరు యంత్రాన్ని చూసి ‘హమ్మయ్య’ అనుకునే క్షణంలోనే చేపలకు ఊపిరి ఆడటం మానేస్తోంది.

మరి నవంబరులో 4 ఉన్న కేహెచ్ ఏప్రిల్‌కి ఎలా పెరిగింది? ఇక్కడ మీ ఇంటి కథ నాకు తెలియదు గానీ మా అపార్ట్‌మెంటు కథ చెబుతాను, పోలికలుంటే మీరే పోల్చుకోండి. మా కింద ఒకటే సంపు. కుళాయి నీళ్ళు అందులోకే, బోరు నీళ్ళు అందులోకే, రెండూ చాలకపోతే ట్యాంకరూ అందులోకే. ఏ రోజు ఏది ఎంత పడిందో తెలిసినవాడు వాచ్‌మన్ ఒక్కడే. ఓ ఎండాకాలం నా తొట్టిలో మొక్కల ఆకుల మీద తెల్లగా సున్నం కట్టడం మొదలైతే కిందికి వెళ్ళి అడిగాను. ‘ఏటి బాబూ, నెల్రోజులై కుళాయి నీరు సగమే వత్తంది, మిగతాదంతా బోరే ఏత్తన్నాం’ అన్నాడు. అంతకుముందు వారమంతా టెస్ట్ కిట్లు ముందేసుకుని నేను చేసిన పరిశోధన అతని ఒక్క మాట ముందు తేలిపోయింది. మీరూ ముందు ఆ పని చేయండి.

విశాఖ కుళాయిల్లోకి వచ్చేవి ఎక్కువగా జలాశయాల నీళ్ళు. తాటిపూడి, రైవాడ, మేహాద్రిగెడ్డ, ఏలేరు కాలువ. వాననీరు నిలిచిన చెరువులాంటివి కాబట్టి కాఠిన్యం తక్కువ. బోరు నీళ్ళు అలా కాదు, భూమిలో రాళ్ళ మధ్య నానుతూ దొరికినదల్లా కరిగించుకుని వస్తాయి. తేడా తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు, వంటగదిని అడగండి. కందిపప్పు ఉడకడానికి కుక్కరు రెండు కూతలు ఎక్కువ వేయాల్సి వస్తోందా? సబ్బు నురగ రావట్లేదా? బాత్రూము కుళాయిల మీద తెల్లటి మరకలా? ‘యంత్రం రాకముందే బాగున్నాయి’ అన్న మీ శ్రీమతి గారికి ఈ సంగతి మీకన్నా ముందే తెలిసి ఉండొచ్చు.

మీరు వారానికోసారి మూడో వంతు నీళ్ళు మారుస్తారనుకుంటాను. అంటే కొత్త నీటి కేహెచ్ తొట్టిలోకి ఒక్కసారిగా రాదు, నాలుగైదు వారాలు పట్టి మెల్లగా ఎక్కుతుంది. అందుకే ఏ రోజూ ‘ఈరోజు ఏదో మారింది’ అని మీకు అనిపించలేదు. ఎండాకాలం ఇంకో పోటు ఆవిరి. నీరు ఆవిరైపోతుంది, అందులోని లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. తగ్గిన మట్టాన్ని మళ్ళీ బోరు నీళ్ళతోనే నింపితే బెల్లం మీద బెల్లం వేసినట్టు. ఆవిరైన నీటికి బదులు పోసేది ఆర్వో నీరైతేనే లెక్క సరిపోతుంది.

ఇక ఆ గవ్వలు. ‘అంతకుమించి కొత్తగా ఏమీ చేయలేదు’ అన్నారే, చేసింది చిన్న పనేం కాదు. గవ్వంటే కాల్షియం కార్బొనేటు. మామూలు తొట్టిలో పడి ఉంటే మెల్లగా కరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ నింపిన పుల్లటి నీళ్ళలో గబగబా కరిగి కేహెచ్ పెంచుతుంది. కేహెచ్ పెరిగితే పీహెచ్ పైకి లేస్తుంది, దాన్ని దించడానికి కంట్రోలరు ఇంకాస్త గ్యాసు వదులుతుంది, ఆ గ్యాసుకి గవ్వ ఇంకాస్త కరుగుతుంది. వద్దన్న వంటసోడా చేసేదీ ఇదే, కాకపోతే చెంచాడు వేస్తే ఒక్క పూటలో చేసేస్తుంది. మీరు అరకు వెళ్ళే దారిలో బొర్రా గుహలు చూసే ఉంటారు. గ్యాసు కలిసిన నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ అంత కొండను లోపల తొలిచేసింది. ఆ గుహల కింద పారే గోస్తనీయే దిగువకొచ్చి తాటిపూడిలో నిలిచి మన కుళాయిల్లోకి వస్తుంది. మీరు హాల్లో బుల్లి బొర్రా గుహ ఒకటి నడుపుతున్నారు, అదీ కరెంటు ఖర్చు పెట్టి.

పిల్లలు బాధపడతారంటే గవ్వల్ని గాజు సీసాలో వేసి తొట్టి పక్కన పెట్టండి. రాళ్ళేవైనా వేసి ఉంటే ఒక్కొక్కదాని మీద వెనిగర్ చుక్క వేసి చూడండి, బుసబుస పొంగితే అదీ బయటికే. మన కైలాసగిరి వైపు దొరికే ఎర్రటి ఖొండలైట్ రాయి పొంగదు, దానితో భయం లేదు.

ఇంతదాకా నేను చెప్పినది బలమైన అనుమానమే తప్ప రుజువు కాదు. రుజువు కేహెచ్ టెస్ట్ కిట్ చెప్పాలి. చుక్కల కిట్ కొనండి, కాగితపు పట్టీలు వద్దు. అయిదు మిల్లీలీటర్ల నీళ్ళలో ఒక్కో చుక్క వేస్తూ నీలం రంగు పసుపుకి తిరిగేదాకా లెక్కపెట్టడమే. ఎన్ని చుక్కలో అన్ని డిగ్రీలు. తొట్టి నీళ్ళు, కుళాయిలోంచి పట్టిన నీళ్ళు, వీలైతే వాచ్‌మన్‌ని అడిగి నేరుగా బోరు నీళ్ళు, మూడూ కొలవండి. మీ అసోసియేషన్ వాళ్ళు ఎప్పుడైనా నీళ్ళ పరీక్ష చేయించి ఉంటే ఆ కాగితంలో ‘టోటల్ ఆల్కలినిటీ’ అన్న చోట ఉన్న అంకెను 17.9తో భాగించండి. 160 ఉంటే దాదాపు 9 డిగ్రీలన్నమాట.

ప్రోబు పోయిందన్న మాటను మాత్రం కొట్టిపారేయను, ఎందుకంటే ఆ దెబ్బ నేను తిన్నాను. మొదటి కంట్రోలరు కొన్న ఏడాదిలోనే తొట్టి శుభ్రం చేస్తూ ప్రోబు కొసనున్న గాజు బుడిపెకు రాయి తగిలించాను. వెంట్రుకవాసి పగులు, కంటికి కనపడలేదు. పగిలిన గాజు ప్రోబు ఏ నీళ్ళలో పెట్టినా 7 దరిదాపుల్లోనే చూపిస్తుంది. నేను పెట్టుకున్న హద్దు 6.7. యంత్రం ‘ఇంకా 7 ఉంది, ఇంకా 7 ఉంది’ అనుకుంటూ రోజంతా గ్యాసు వదిలింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఒక్కటి మిగల్లేదు. పొద్దున వెళ్ళేముందు డిస్‌ప్లే చూసే వెళ్ళాను, 7.0 చూసి గ్యాసు ఇప్పుడిప్పుడే మొదలైంది కాబోలనుకున్నాను. మీ డిస్‌ప్లే పొద్దున పైన ఉండి మెల్లగా దిగుతోందంటే మీ గాజు పగల్లేదనే అనుకోవాలి. కానీ పగలకపోయినా ప్రోబు అంకె నెమ్మదిగా పక్కకి జరుగుతుంది. నవంబరు నుంచి ఇప్పటిదాకా ఒక్కసారైనా క్యాలిబ్రేట్ చేశారా, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణంలో ముంచి అంకె సరిచేశారా? ఉత్తరంలో రాయలేదంటే చేయలేదనే నా అనుమానం.

పని కష్టమేం కాదు. ఆ ద్రావణం కలుపుకోవడానికి బఫర్ పొడి పొట్లాలు దొరుకుతాయి. మీ యంత్రం పుస్తకంలో 7, 4 అడిగిందో, 6.86, 4.01 అడిగిందో చూసి అవే కొనండి. పొట్లం మీద రాసినంత డిస్టిల్డ్ వాటర్‌లోనే కలపండి, బ్యాటరీ కొట్లో దొరుకుతుంది. ఏసీ నుంచి కారే నీళ్ళు వద్దు, మన ఊరి ఉక్కకి బకెట్లు నిండుతాయి గానీ అది కాయిల్ మీది లోహపు మురికి కడుక్కుని వచ్చే నీరు. ముందు ప్రోబును 7లో, కడిగి 4లో. మధ్యలో తుడవకూడదు, మెత్తటి కాగితంతో అలా అద్దాలి. 7లో పెట్టినప్పుడు 7.3 చూపించిందనుకోండి, అంటే మీరు 6.6 అనుకున్నది నిజానికి 6.3 దగ్గర ఉంది. 0.3 తేడాకే గ్యాసు రెట్టింపవుతుంది. క్యాలిబ్రేట్ చేశాక కూడా అంకె నిలకడకు రావడానికి నిమిషాలు పడుతుంటే ఆ ప్రోబుకు వయసైపోయింది. మామూలుగా ఏడాది, బాగా చూసుకుంటే రెండేళ్ళు, అంతే దాని ఆయుష్షు. తీసి పక్కన పెట్టాల్సి వస్తే పొటాషియం క్లోరైడు ద్రావణంలో ఉంచండి. ఆర్వో నీళ్ళలో గానీ డిస్టిల్డ్ వాటర్‌లో గానీ నిలవ ఉంచితే లోపలి లవణం బయటికి లాగేస్తుంది, ఎండబెడితే సరేసరి.

సముద్రం పక్కన ఉన్నందుకు మనకో ప్రత్యేకమైన బాధ ఉంది. ప్రోబు తీగ యంత్రానికి తగిలించే చోట గుండ్రటి బీఎన్‌సీ కనెక్టరు ఉంటుంది. ప్రోబు నుంచి వచ్చే సంకేతం ఎంత బలహీనమంటే, పీహెచ్ ఒక అంకె మారితే 59 మిల్లీవోల్టులు, అంతే. ఆ కనెక్టరులో కాస్త ఉప్పుగాలి తేమ చేరినా సంకేతం అక్కడే కారిపోయి అంకె 7 వైపు జారుతుంది. కనెక్టరును తొట్టి మూతకు దూరంగా, నీటి మట్టానికి పైన ఉంచండి. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో మూసేస్తే ఇంకా మంచిది, నేను అదే చేస్తాను. తీగను హీటరు, పంపు వైర్లతో కలిపి కట్టకండి. అనుమానముంటే హీటరు ప్లగ్గు పీకి చూడండి. అంకె ఠక్కున మారిందంటే హీటరు నుంచి నీళ్ళలోకి కరెంటు లీకవుతోంది. అప్పుడు ప్రోబు సంగతి తర్వాత, తొట్టిలో చేయి పెట్టకముందు మెయిన్ ఆపండి.

ప్రోబు తొట్టిలో ఎక్కడుంది? గ్యాసును బుడగలుగా వదిలే డిఫ్యూజరు పక్కనే ఉంటే బుడగల్నే కొలుస్తుంది. దీపం కింద ఉంటే గాజు మీద నాచు పడుతుంది. నీళ్ళు కదిలే చోట, నీడలో, ఆవిరికి మట్టం తగ్గినా కొస తేలని లోతులో ఉండాలి.

ఎండలకి ఆక్సిజన్ తగ్గిందన్నవారిది సగం నిజం. 25 డిగ్రీల నీరు లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పట్టుకుంటే 32 డిగ్రీల నీరు 7.3 దాకా పట్టుకుంటుంది. చేపకు మాత్రం వేడిలో ఊపిరి ఎక్కువ కావాలి. కానీ ఆక్సిజనే అసలు కారణమైతే చేపలు తెల్లవారుజామున పైకి రావాలి, రాత్రంతా మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి కనుక. మీవి దీపం వెలుగులో, మొక్కలు ఆక్సిజన్ వదిలే వేళ వస్తున్నాయి. ఎండ నేరం చేయలేదు, పక్కన నిలబడి సాయం చేసింది.

మళ్ళీ గ్యాసు మొదలుపెట్టేటప్పుడు ఎలా చేయాలో చెబుతాను. గవ్వలు తీసేసి, రెండు మూడు సార్లు నీళ్ళు మార్చి కేహెచ్ నిలకడకు తెచ్చాకే మొదలుపెట్టండి. బోరు కేహెచ్ 12 ఉందనుకుంటే ఒక పాలు బోరుకి రెండు పాళ్ళు ఆర్వో కలిపితే 4 వస్తుంది. మీ తొట్టికి వారానికి 45 లీటర్లు అంటే 15 బోరు, 30 ఆర్వో. ఇంటి ఆర్వోలో మినరల్ క్యాట్రిడ్జి ఉంటే ఆ నీటి కేహెచ్ కూడా సున్నా కాకపోవచ్చు, దాన్నీ ఒకసారి కొలవండి. ఇంత మోత వద్దనుకుంటే 9తోనే బతకొచ్చు, మొక్కలేం అలగవు. బోరు, కుళాయి నీళ్ళ పాళ్ళు వారవారం మారడమే ప్రమాదం.

హద్దు ఎంత పెట్టాలన్నది ఎవరినీ అడగకండి, నన్ను కూడా. రాత్రి గ్లాసుడు తొట్టి నీళ్ళు తీసి బల్ల మీద వదిలేయండి. మర్నాడు రాత్రికి అందులోని అదనపు గ్యాసంతా పోతుంది. దాని పీహెచ్ కొలిచి, అందులోంచి 1 తీసేయండి. 7.9 ఉంటే 6.9. అంతకన్నా కిందికి మొదట్లో పోవద్దు. తొట్టి లోపల డ్రాప్ చెకరు (గ్యాసును బట్టి రంగు మారే ద్రావణం పోసే గాజు బుడ్డి) వేలాడదీయండి, అందులో పోసే ద్రావణం కేహెచ్ 4 అని రాసి ఉన్నదే కొనండి. నీలంగా ఉంటే గ్యాసు తక్కువ, ఆకుపచ్చ అయితే సరి, పసుపు తిరిగితే వెంటనే ఆపాలి. దాని రంగు గంటో రెండు గంటలో వెనకబడి మారుతుంది, కానీ మీ నీళ్ళలో బెల్లం ఎంతున్నా దానికి పట్టదు. లోపలున్న బెల్లం దానిదే, బుడ్డిలో చిక్కుకున్న గాలి గుండా తొట్టి నీళ్ళ నుంచి వచ్చే గ్యాసు ఒక్కటే దానికి అందుతుంది. కంట్రోలరు చేయలేని పని వందల రూపాయల ఈ గాజు బుడ్డి చేస్తుంది. మీ తొట్టిలో బాదం ఆకులు, చెట్టు దుంగలు ఉంటే పై సూత్రం అబద్ధాలు చెబుతుంది, ఆకుల పులుపును కూడా గ్యాసు లెక్కలో వేసేస్తుంది. అప్పుడైతే డ్రాప్ చెకరే దిక్కు.

అన్నింటికన్నా ముఖ్యం బుడగల వేగం సర్దే నీడిల్ వాల్వు. కంట్రోలరు ఉందికదా అని చాలామంది బుడగల్ని ధారగా వదిలేస్తారు, అదే ఆపుకుంటుందిలే అని. అలా చేయకండి. సోలినాయిడ్ రోజంతా తెరిచే ఉండిపోయినా చేపలకు ముప్పు రానంత సన్నగా బుడగల్ని తిప్పుకోండి. సెలవు రోజున కంట్రోలరును పక్కకి తప్పించి, తొట్టి ఎదురుగా కూర్చుని, సాయంత్రం దాకా డ్రాప్ చెకరు పసుపు తిరగనంతకి సర్దండి. కంట్రోలరు ప్లగ్గును దీపాల టైమరుకే పెట్టండి, రాత్రి దానికి అధికారం ఉండకూడదు. ఇలా చేశాక ప్రోబు పగిలినా, కనెక్టరు తడిసినా, వాచ్‌మన్ బోరు వేసినా మీ చేపలు బతికే ఉంటాయి.

కరెంటు పోతే ఏమిటని అడగలేదు గానీ చెబుతాను. సోలినాయిడ్ కరెంటు లేకపోతే మూసుకునే రకమే అయి ఉంటుంది, గ్యాసు ఆగిపోతుంది. ఫిల్టరు కూడా ఆగుతుంది, చేపలకు అసలు ముప్పు అక్కడ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, గ్లాసుతో నీళ్ళు ముంచి ఎత్తుగా పోస్తూ చేపల్ని కాపాడుకున్నాం. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో పడేసి ఉంచండి, కంట్రోలరు కన్నా ముందు కొనాల్సిన వస్తువది.

కంట్రోలరు తీసేయాలా అన్నారు. నా మటుకు నాకు, ఒక్క మొక్కల తొట్టికి అది అక్కర్లేదు. టైమరు, మంచి నీడిల్ వాల్వు, డ్రాప్ చెకరు చాలు. ఏంజెల్ చేపలు మన ఊళ్ళో దొరికేవన్నీ తొట్లలో పుట్టి పెరిగినవే, 7.5లో కూడా హాయిగా ఉంటాయి, వాటి కోసం ఫలానా పీహెచ్ పట్టుకు కూర్చోనక్కర్లేదు. ఉప్పునీటి తొట్లలో కాల్షియం రియాక్టరు (ఈ గ్యాసుతోనే సున్నపు ముక్కల్ని కరిగించే పరికరం) నడిపేవాళ్ళకైతే దీని అవసరం నిజంగానే ఉంది. అయినా డబ్బు పోసి కొన్నారు కాబట్టి పారేయకండి, హద్దు దాటితే గ్యాసు ఆపే కాపలావాడిగా ఉంచుకోండి. మీ శ్రీమతి గారితో మాత్రం ‘నువ్వన్నది నిజమే’ అనేయండి, లెక్క ప్రకారం కూడా అది నిజమే.

జూన్ దాటి వానలు పడ్డాక మీ సంపులో కుళాయి నీటి పాలు మళ్ళీ పెరుగుతుంది, కేహెచ్ 4 వైపు దిగుతుంది. అప్పటికి మీరు 6.95 దగ్గర పెట్టి ఉంటే గ్యాసు 13 మిల్లీగ్రాములకి పడిపోయి మొక్కలు డీలా పడతాయి, ఆకుల అంచులకి నాచు పడుతుంది. చేపలకేమీ కాదు. నెలకోసారి, వాచ్‌మన్‌తో మాట్లాడి వచ్చిన రోజున, కేహెచ్ కొలిచి కంట్రోలరు డబ్బా మీద పెన్సిలుతో తారీకు వేసి రాసుకోండి.